కిమ్ ముందు రెండు దారులు: లిబియా బాటా, విడతల బేరమా?

ఉత్తర కొరియా అణ్వాయుధాలు వదలడానికి చెప్పే దారులు రెండు. ఒకటి, లిబియాలా అన్నీ ఒకేసారి అప్పగించడం. 2003 డిసెంబరులో లిబియా నేత గడాఫీ సరేనన్నాడు. యురేనియాన్ని శుద్ధి చేసే యంత్రాలైన సెంట్రిఫ్యూజ్‌లు విమానమెక్కి అమెరికాలోని టెనెసీకి చేరాయి. 2011లో నాటో బాంబుల మధ్య ఆయన తిరుగుబాటుదారుల చేతికి చిక్కి చచ్చాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. అది చూశాక కిమ్ ఈ దారి తొక్కుతాడా? నాకైతే నమ్మకం లేదు.

రెండోది, అణుకేంద్రాలు కొన్ని మూస్తే కొన్ని ఆంక్షలు ఎత్తేసే బేరం. 2019 ఫిబ్రవరిలో ట్రంప్‌తో భేటీలో, వియత్నాం రాజధాని హనోయ్‌లో కిమ్ యోంగ్‌బ్యోన్ అణుకేంద్రాన్ని ఇస్తానన్నాడు, ట్రంప్ చాలదన్నాడు, చర్చలు తెగిపోయాయి. భోజనాల బల్ల సర్దే ఉంది, తినేవాళ్లే లేరు. 2022లో ఉత్తర కొరియావాళ్లు తమ అణ్వస్త్ర హోదాకు ఇక తిరుగులేదని చట్టమే చేసుకున్నారు. అయినా ఏదన్నా కదిలితే ఈ దారిలోనే. అదీ వదలడం కాదు, ఉన్నవాటిని పెంచకుండా ఆగడం వరకే.