గని గుంతలో బోటింగ్: వ్యూ సూపర్, సేఫ్టీ సున్నా

పాత ఓపెన్‌కాస్ట్ గని నీళ్లతో నిండిపోయి చెరువైతే అందులో బోటింగ్ పెట్టారు, మొన్న ఎక్కాం. బోటు ఓకే, కానీ నాకిచ్చిన లైఫ్ జాకెట్‌కి బకిల్ విరిగి తాడుతో ముడేసి ఉంది, ఇదేంటండీ అంటే ఏం కాదులెండి అన్నాడు బోటింగ్ అతను. ఏం కాకపోవడమేంటి, గనిలో నీళ్లు తోడే పంపులు ఆపేశాక ఊటనీళ్లు ఊరి నిండిన గుంత కదా ఇది, ఒడ్డు దిగితే నిట్టనిలువు గోడే, పైన నీళ్లు వెచ్చగా ఉన్నా కింద ఒళ్లు కొంకర్లు పోయేంత చలి. నీళ్లు నీలంగా తళతళలాడుతున్నాయని శుభ్రం అనుకోవద్దు, రాళ్లలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటే నీళ్లు యాసిడ్ అయిపోవచ్చు, అమెరికాలో బర్కిలీ పిట్ అనే ఇలాంటి పాత రాగి గని గుంతలో 1995లో వాలిన పెద్దబాతులు వందల్లో చచ్చిపోయాయి. ఇక్కడ నీళ్లు టెస్ట్ చేయించారా అంటే నవ్వి టికెట్ చింపిచ్చాడు. రెండు స్టార్లు, అవీ వ్యూకే.