ఒక్క చుక్క తేడా: పైథాన్ మ్యాచ్‌తో నా కాపురం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాచ్-కేస్ అంటే, వచ్చిన విలువ ఏ కేస్ నమూనాకి సరిపోతే దాని కింది కోడ్‌ని నడిపే ఏర్పాటు. 2021 అక్టోబర్‌లో పైథాన్ 3.10 వచ్చిన దగ్గర్నుంచి వాడుతున్నాను. నా కక్షంతా ఒక్కదాని మీదే. కేస్ పక్కన ఉత్త పేరు రాస్తే అది పోల్చదు, వచ్చిన విలువను ఆ పేరులో వేసేసుకుంటుంది.

నియమం తెలియక కాదు. ఉత్త పేరొక్కటే రాస్తే అన్నీ దానికే సరిపోతాయి, కింద ఇంకో కేస్ పెడితే పైథానే సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. ఆ ధీమాతోనే మునిగాను. క్యూలోంచి వరసగా వచ్చే ఈవెంట్లు టపుల్స్, అంటే కొన్ని విలువల జట్లు: ముందు రకం, తర్వాత ఐడీ. ఫైలు పైన స్టాప్ అనే కాన్‌స్టంట్ (మారని విలువకి పెట్టిన పేరు) పెట్టుకుని, కేస్‌లో టపుల్‌గా స్టాప్, ఐడీ అని రాశాను. టపుల్ లోపల ఉంటే ఆ ఎర్రర్ రాదు, మూడు ముక్కల టపుల్ వస్తే కింది కేస్‌కి పోవచ్చుగా మరి. దాంతో రెండు ముక్కలున్న ప్రతి ఈవెంటూ స్టాప్ ఖాతాలోకే. రెజ్యూమ్ పంపినా పని ఆగిపోయేది. టెస్టులన్నీ పాస్, స్టాప్ పంపితే ఆగుతోందా అని మాత్రమే చూశాయి, వాటి తప్పేముంది. మధ్యాహ్నమంతా క్యూని తిట్టుకున్నాను. చివరికి ఆ కేస్ లోపల స్టాప్ విలువ ప్రింట్ చేస్తే 'రెజ్యూమ్' అని వచ్చింది!

స్టాప్‌ని సిగ్నల్ అనే ఈనమ్‌లో (కాన్‌స్టంట్లని ఒకచోట కట్టిన మూట) పెట్టి సిగ్నల్.స్టాప్ అని చుక్కతో రాస్తే పోలుస్తుంది. అంతే మందు. ఎలిక్సిర్, రూబీ భాషల్లో పేరు ముందు క్యారెట్ గుర్తు (^) పెడితే చాలు, ఉన్న విలువతో పోల్చుతుంది. పైథాన్‌కీ అది కావాలని చాన్నాళ్లు వాదించాను. కానీ ఆ గుర్తు పెట్టడమే మర్చిపోతే? మళ్లీ అదే గుంట. అసలు గుర్తు ఉండాల్సింది విలువను పట్టుకునే పేరుకి. పెప్ 642 అనే పైథాన్ మార్పు ప్రతిపాదన ఆ దారే చూపింది, తిరస్కరించారు. ఇప్పుడు మారిస్తే ఉన్న కోడంతా విరుగుతుంది.

జేసన్ (డేటాను రాసుకునే ఒక పద్ధతి) విడదీయడానికి మ్యాచ్-కేస్‌ని మించింది లేదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడూ అంటాను, కాస్త గొంతు తగ్గించి: ఖాళీ బ్రేసులు {} రాస్తే ఖాళీ డిక్షనరీకే (పేరు-విలువ జతల పట్టిక) కాదు, ఏ డిక్షనరీకైనా సరిపోతుంది.

నేనొక్కణ్ణే చూసుకునే పార్సర్లు (డేటాను విడదీసే కోడ్) కాబట్టి మ్యాచ్-కేస్‌ని వదల్లేదు. పదిమంది చేతులు పడే కోడైతే, కాన్‌స్టంట్లతో పోల్చే చోట మాత్రం మామూలు ఇఫ్-ఎలిఫ్ షరతులే ఉంచుతానేమో.