‘మచ్ అడూ అబౌట్ నథింగ్’ విద్యార్థి ప్రతి: మూలపాఠం వరకు పరవాలేదు

కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక పుస్తకాల అంగడిలో, డిగ్రీ విద్యార్థుల కోసం వేసిన షేక్‌స్పియర్ నాటకం ‘మచ్ అడూ అబౌట్ నథింగ్’ ప్రతిని 180 రూపాయలకు కొన్నాను. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో కఠిన పదాలకు తెలుగు అర్థాలు, చివర కథాసారాంశం ఉన్నాయి. కాగితం పలుచన, అచ్చు మాత్రం స్పష్టం.

అర్థాలు రాసినవారు శ్రద్ధగా పనిచేశారు. 1600 నాటి తొలి ముద్రణలోని రంగసూచనల్లో మెసినా గవర్నరు లెయొనాటో భార్యగా ఇన్నోజెన్ పేరు కనిపించినా, నాటకమంతటా ఆమెకు ఒక్క మాటా లేదన్న సంగతిని కూడా అధోజ్ఞాపికలో చెప్పారు. పెళ్లివేళ నిందపడిన కూతురి (ఆమె పేరే హీరో) పక్కన తల్లి లేకపోవడం పరీక్షకు రాకపోవచ్చు గానీ, చదివేవారికి గుచ్చుకుంటుంది.

చిక్కంతా సారాంశంతోనే. పెళ్లికి ముందురాత్రి హీరో తన గది కిటికీ దగ్గర పరాయి మగవాడితో మాట్లాడుతున్నట్టు పెళ్లికొడుకు క్లాడియో భ్రమపడిన ఘట్టాన్ని, రంగస్థలం మీద జరిగినట్టే వర్ణించారు. మూలంలో ఆ దృశ్యమే లేదు. మూడో అంకం మూడో రంగంలో, చినుకులు పడుతుండగా చూరు కింద నిలబడిన బొరాషియో (ఈ పెళ్లి చెడగొట్టాలని చూసిన డాన్ జాన్ అనుచరుడు), డబ్బుకోసం తాను చేసిన ఘనకార్యాన్ని స్నేహితుడికి చెప్పుకోవడం, గస్తీవాళ్లు చాటుగా వినడం మాత్రమే ఉన్నాయి. కిటికీలో నిలిచింది పరిచారిక మార్గరెట్ అని మనకు ముందే తెలుసు కాబట్టే, మరునాటి చర్చి రంగం అంతగా కలచివేస్తుంది.

ఆ రంగంలో హీరో ముఖం ఎర్రబడితే, అది సిగ్గు కాదు, నేరమని క్లాడియో తేలుస్తాడు. అదే ముఖాన్ని గమనించిన మతగురువు ఫ్రయర్ ఫ్రాన్సిస్ ఆమె నిర్దోషి అని నమ్ముతాడు. తండ్రి లెయొనాటో మాత్రం, డాన్ పెడ్రో, డాన్ జాన్ అనే ఇద్దరు రాకుమారులు అబద్ధమాడతారా, కన్నీళ్లు పెట్టుకుంటూ చెప్పిన క్లాడియో అబద్ధమాడతాడా అంటూ, కూతురు చచ్చిపోతేనే మేలనుకుంటాడు. పరువు కోసం కూతురి మాట చెవిన పెట్టని తండ్రిని మన సీమ పాఠకులకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. సారాంశకర్త దీన్నంతా “తండ్రి మిక్కిలి దుఃఖించెను” అన్న ఒక్క వాక్యంతో ముగించారు. పెళ్లి తొందరలో ఉన్న ఈ పెద్దమనిషి, అంతకుముందే కబురు మోసుకొచ్చిన గస్తీవాళ్ల అధికారి డాగ్‌బెరీ మాట ఓపికగా విని ఉంటే ఆ గొడవే జరిగేది కాదన్న విషయం ఎక్కడా లేదు. డాగ్‌బెరీ తప్పుగా వాడే మాటలకు సరైన అర్థాలిచ్చి ఊరుకోవడంతో హాస్యం కూడా చప్పబడింది.

వెనుక ఇచ్చిన నమూనా ప్రశ్నల్లో డాన్ జాన్ దుష్టత్వం మీద నాలుగున్నాయి. లెయొనాటో మీద ఒక్కటీ లేదు.