కాలనీకి నూటికి తొంభై, పెట్టెకు పాసు మార్కులే

గత డిసెంబరు చివర్లో నూజివీడు దగ్గరి మా మామిడితోట కోసం రెండు పుట్ట తేనెటీగల పెట్టెలు కొన్నాను. ఈగల గుంపుతో, అంటే కాలనీతో కలిపి ఒక్కో పెట్టె 4,500 రూపాయలు పడింది. ఇనుప స్టాండు, పొగ డబ్బా, ముఖానికి కట్టుకునే వల ఆ ధరలోనే వచ్చాయి. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు చేయించి అమ్మేవారు చాలామంది ఉన్నారు కనుక, కొనబోయేవారు ఎవరి దగ్గరైనా ఏమి చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందుగా మెచ్చుకోవలసింది ఈగలను తెచ్చి అప్పగించిన తీరు. మేతకు వెళ్లిన ఈగలన్నీ గూటికి చేరాక, చీకటి పడిన తర్వాత ద్వారానికి జాలీ బిగించి, ఫ్రేములు, అంటే ఈగలు పట్టు కట్టుకునే చట్రాలు, కదలకుండా తాళ్లతో కట్టి, రాత్రికి రాత్రే వ్యానులో తెచ్చారు. పెట్టెలను తూర్పు ముఖంగా, కొబ్బరిచెట్ల నీడలో నిలబెట్టి, స్టాండు కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు అమర్చి, తెల్లవారి ద్వారాలు తీశాకే అమ్మినాయన బయలుదేరారు.

మన దగ్గర వసంతమంటే మంచు కరిగి ఈగలు నిద్ర లేవడం కాదు. వానాకాలంలో మేత కరవై చిక్కిపోయిన కాలనీ, సంక్రాంతి దాటాక మునగ, కొబ్బరి, ఆపైన చింత, కానుగ, వేప వరసగా అందుకునేసరికి బలం పుంజుకుంటుంది. మామిడిపూత మీద తేనెటీగలకు అంత మోజు లేదు. పూతపై ముసిరేవాటిలో మామూలు ఈగలే ఎక్కువ. జనవరి మొదట్లో ఒక్కో పెట్టెలో నాలుగు ఫ్రేముల నిండా ఈగలున్నాయి. రథసప్తమి నాటికి ఉదయం ఏడింటికి ద్వారం దగ్గర కూర్చుంటే, వెనక కాళ్లకు లేత పసుపు పుప్పొడి ముద్దలతో ఈగలు ఒకదాని వెనక ఒకటి దిగుతూ కనిపించేవి. పుప్పొడి అంతగా వస్తోందంటే లోపల పిల్లల పెంపకం జోరుగా ఉందన్నమాట. ఫ్రేము ఎత్తి ఎండకు పట్టి చూస్తే పట్టులోని గది గదికీ అడుగున నూక ముక్క కంటే సన్నని గుడ్డు నిలబడి ఉంది, ఖాళీ గదులు చాలా తక్కువ. గుడ్లు పెట్టే రాణి ఈగ కొత్తదని అమ్మినాయన చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. శివరాత్రి నాటికి రెండు పెట్టెల్లోనూ ఏడు ఫ్రేములూ నిండాయి. ఈగల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా పెట్టెతోనే. ఇది న్యూటన్ పెట్టె. భౌతికశాస్త్రపు న్యూటన్ కాదు. గత శతాబ్దం రెండో దశకంలో తమిళదేశంలో మన ఈగలకు తగినట్టు దీన్ని రూపొందించిన క్రైస్తవ ఫాదరీ పేరది. కింద ఏడు ఫ్రేముల పిల్లల గది, పైన పొట్టి ఫ్రేముల తేనె గది. ఈ పెట్టెలన్నిటికీ ప్రాణం ఒక్క సందులో ఉంది. ఈగ నడిచేంత ఖాళీ ఉంటే దాన్ని దారిగా వదిలేస్తుంది, అంతకు మించి ఉంటే అక్కడ మైనంతో పట్టు కట్టేస్తుంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ గుర్తించిన ఈ కీలకం వల్లనే పట్టును కోయకుండా ఫ్రేములుగా తీసి మళ్లీ పెట్టడం వీలైంది. మన పుట్ట ఈగలకు ఆ సందు సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్లు.

ఫిబ్రవరి చివర్లో రెండో పెట్టె తేనె గదిని ఎత్తబోతే కదలలేదు. ఉలితో కొంచెం లేపగానే చిరిగిన శబ్దం వచ్చింది. కింది ఫ్రేముల పైకమ్మీలకూ పై ఫ్రేముల అడుగు కమ్మీలకూ మధ్య ఈగలు వంతెనల్లా పట్టు కట్టి, కొన్ని గదుల్లో తేనె, కొన్నింటిలో పిల్లలను కూడా పెట్టాయి. అవి చినిగి తెల్లని పురుగులు బయటపడ్డాయి, తేనె కారి అడుగు పలక మీద చేరింది, ఈగలు కసిగా కుట్టాయి. స్కేలు పెట్టి కొలిస్తే సందు 14 మిల్లీమీటర్లు. మొదటి పెట్టెలో సరిగ్గా 8. ఒకే చోట, ఒకే వారంలో చేసిన రెండు పెట్టెలకు ఇంత తేడా రావడం క్షమించదగినది కాదు. ఫోను చేసి చెబితే వచ్చిన జవాబు: “ఈగలే సర్దుకుంటాయండీ.” అవి సర్దుకున్న తీరే కదా నేను చూసింది! చివరకు మా ఊరి వడ్రంగి తేనె గది గోడల అడుగు అంచును 6 మిల్లీమీటర్లు చిత్రిక పట్టాడు. ఫ్రేములు గదితోపాటు కిందికి దిగాయి, సమస్య తీరింది. నూట యాభై రూపాయల పని.

పొగ డబ్బా మంచిది, కొబ్బరి పీచు వేస్తే అరగంట ఆరకుండా వస్తుంది. వల ఒకే నెలలో కుట్టు ఊడింది. ద్వారపు జాలీ మాత్రం నేను ఊహించనంత అక్కరకు వచ్చింది: పక్కతోట ఆయన పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే ముందు రోజు కబురు చేస్తే, సాయంత్రమే బిగించి, పైన తడి గోనె కప్పి మర్నాడంతా ఈగలను లోపలే ఉంచాను. ఒక్కటీ చావలేదు.

ఉగాది తర్వాత, పట్టు గదులు ముప్పావు వంతుకు పైగా మైనంతో మూసుకున్న ఫ్రేములే తీశాను. మొదటి పెట్టె మూడు కిలోలిచ్చింది. నెల రోజులు పాడైన రెండోది కిలో దాటి కొంచెం. కానుగ, వేప కలిసిన తేనె కాబట్టి కాస్త ముదురు రంగు, చివర్లో నాలుకకు సన్నని చేదు తగులుతుంది.

వచ్చే సీజనుకు మరో రెండు కాలనీలు ఆయన దగ్గరే చెప్పాను, పెట్టెలు లేకుండా. ఒక్కోటి 2,500కు ఒప్పుకున్నారు. పెట్టెలు మా వడ్రంగి చేస్తున్నాడు, మొదటి పెట్టెను నమూనాగా ముందు పెట్టుకుని.