వంశధార ఒడ్డున రెండంగుళాల పెట్రోల్ పంపు: ఏళ్ల తరబడి వాడాక

ఒడిశాలోని కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున మా కూరగాయల మడులకు నీళ్లు తోడేది రెండంగుళాల పెట్రోల్ పంపుసెట్టు. నాలుగు స్ట్రోకుల ఇంజన్, 118 సీసీ, ట్యాంకులో రెండు లీటర్లు పడుతుంది. వంగ, బెండ, టమాటా అన్నీ దీని మీదే పండిస్తున్నాం. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు కొనమనే చెబుతాను. ఒక్క మనిషి మోసుకెళ్లగలడు, కరెంటు లేని చోట నీళ్లు తోడుతుంది, సరిగ్గా చూసుకుంటే తాడు లాగగానే అందుకుంటుంది. ఆ సరిగ్గా చూసుకోవడమంతా పెట్రోలు దగ్గరే ఉంది. మా వైపు మొరాయించి మూలన పడ్డ పంపులను చాలా చూశాను. పిస్టన్ పోయినవి అరుదు. లోపల నిల్వ ఉండిపోయిన పెట్రోలు వల్ల ఆగినవే ఎక్కువ.

మాది సరిహద్దు. ఆంధ్ర కంటే ఒడిశాలో పెట్రోలు చౌక. ఆంధ్రలోని పాతపట్నం, బత్తిలి వైపు నుంచి ఇటు పని మీద వచ్చినవాళ్లు బండికి పోయించుకోవడంతో ఆగరు, ఇంట్లో మెషిన్ల కోసం డబ్బా కూడా నింపుకుంటారు. డబ్బాలోది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. పాత రోజుల్లో అది కొంత చెల్లింది. ఇప్పుడు పెట్రోలే మారింది. 2022లో 10 శాతానికి చేరిన ఇథనాల్ 2025కల్లా 20 శాతం అయింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడికీ రాత్రి చల్లదనానికీ పట్టే చెమ్మ కూడా అందులోనే కలుస్తుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని అడుగుకు దిగిపోతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్‌కు పోయే దారి ఉన్నది ట్యాంకు అడుగునే.

నీరు పట్టకపోయినా చిక్కు ఉంది. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందు ఎగిరిపోతుంది. చలిలో ఇంజన్ అందుకోవడానికి పనికొచ్చేది ఆ భాగమే. మిగిలింది గాలి తగిలి జిగురుగా మారి, కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే, వెంట్రుక దూరేంత సందున్న జెట్టులో అంటుకుంటుంది.

వానాకాలమంతా పాకలో ఉన్న మా బావ పంపును చలికాలంలో బయటికి తీశారు. ఎంత లాగినా అందుకోలేదు. ఒక షాపులో చూపిస్తే కార్బొరేటర్ మొత్తం మార్చాలన్నారట. "ఆగు బావా, ముందు కప్పు విప్పి చూద్దాం" అన్నాను. ట్యాంకు నుంచి పెట్రోలు రాకుండా పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ కింద ఉన్న 10 నంబరు బోల్టు విప్పి, పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలాంటి ఆ కప్పులో ఉన్నదాన్ని గాజు గ్లాసులోకి వంచాం. పైన టీ డికాషన్ రంగు పెట్రోలు, అడుగున తెల్లటి బుడగలా నీరు. గ్లాసును అటూ ఇటూ వంచితే ఆ నీటి బొట్టు పెట్రోలులో కలవకుండా అడుగునే దొర్లుతోంది. పెట్రోలు వాసన పోయి వార్నిష్ వాసన కొడుతోంది. మెయిన్ జెట్టు ఊడదీసి ఎండకు పెట్టి చూస్తే అవతలి వెలుతురు కనిపించలేదు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కాసేపు నాననిచ్చి, కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు ఒక్కటి తీసి నెమ్మదిగా దూర్చాం. ఇక్కడ ఉక్కు తీగ, సూది వాడకండి. జెట్టు ఇత్తడిది, గీత పడితే సందు పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. జెట్టు పైన ఉండే గొట్టానికి పక్కల చిన్న చిన్న కన్నాలుంటాయి, వాటినీ చూడాలి. గుండ్రటి వెలుగు చుక్క కనిపించాక బిగించి, కొత్త పెట్రోలు పోసి, చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించే చోక్ వేస్తే అందుకుంది. మార్చమన్న ఆ కార్బొరేటరే ఇప్పటికీ బావ పంపుకు ఉంది.

ఇంజన్ అందుకోనప్పుడు నేను మొదట చూసేది ప్లగ్గు. కాసేపు తాడు లాగి ప్లగ్గు విప్పాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు: కాక్, ఫిల్టర్, జెట్టు వెతకాలి. తడిసి పెట్రోలు కారుతుంటే అది ఎక్కువైంది, లేదా స్పార్క్ లేదు. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి, చోక్ తీసేసి లాగాలి. మా ఇంజన్‌కు ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి.

చోక్ వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోతే జెట్టు కొంత మూసుకుపోయినట్టే. శబ్దం ఎక్కుతూ తగ్గుతూ ఊగుతున్నా ముందు అనుమానించాల్సింది అదే. కొంతసేపు బాగా నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ దానంతటదే బాగుపడితే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. వెంటనే అందుకుంటే మూతలో గాలి వెళ్లే చిన్న కన్నం మట్టితో మూసుకుపోయిందన్నమాట. పొలం దుమ్ములో ఇది మామూలే, దీనికి మెకానిక్కు అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా భయం వేరే ఉంది. కప్పు నిండగానే పెట్రోలును ఆపేది కార్బొరేటర్‌లోని నీడిల్ వాల్వు; దాని కింద నలక ఇరుక్కుంటే పెట్రోలు ఆగకుండా కారుతూ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పోసినదానికన్నా పెరిగినా, పెట్రోలు వాసన వచ్చినా తాడు ముట్టుకోకండి. నీడిల్ శుభ్రం చేసి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే లోపలి భాగాలు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు మామూలుగా ఉండదు. పని అయిన ప్రతిసారీ కాక్ మూసేస్తే ఈ బెడద చాలా తగ్గుతుంది.

కొన్ని వారాలు వాడనని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఆ పెట్రోలు బైకులో పోసేస్తాను. తర్వాత ఇంజన్‌ను దానంతట అది ఆగేదాకా నడిపి, చల్లారాక కప్పు కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి మిగిలిన చెంచాడు కూడా దించేస్తాను. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. డబ్బాలో నెలకు మించి ఉంచను, మూత బిగుతుగా ఉండాలి, ఎండ తగలకూడదు. పెట్రోలు చెడకుండా కలిపే మందు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొత్త పెట్రోలులో కలిపితేనే ఉపయోగం, చెడిపోయినదాన్ని అది బాగుచేయదు.

జీడితోటలో పిక్కలు రాలే ముందు అడుగు శుభ్రం చేసే బ్రష్ కట్టర్, మందు కొట్టే తైవాన్ పంపు కూడా మాకున్నాయి. రెండూ రెండు స్ట్రోకులవే. పెట్రోలు విషయంలో అవి ఇంకా సున్నితం. వాటి కార్బొరేటర్‌లో కప్పు ఉండదు, పలచటి రబ్బరు పొర ఉంటుంది. అది గట్టిపడితే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, ఆ పొరల కిట్టు మార్చాల్సిందే. ట్యాంకులోని సన్నటి పైపు కూడా ఎండి పగులుతుంది. పెట్రోలు ఎక్కించడానికి నొక్కే రబ్బరు బుడ్డి గట్టిపడిందా, నొక్కితే బుడగలు ఆగకుండా వస్తున్నాయా అని చూస్తే పైపు సంగతి తెలిసిపోతుంది. ఆయిల్ కొలత పుస్తకంలో రాసినట్టే పోయాలి: 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. కలిపింది ఆ వారంలోనే వాడేయడం మంచిది.

పంపు మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. పుస్తకంలో ఇథనాల్ 10 శాతం మించకూడదని ఉంది, బంకులో దొరికేది 20 శాతం. అందుకే పెట్రోలు పైపును, కప్పు గ్యాస్కెట్‌ను మెత్తబడ్డాయా, ఉబ్బాయా అని ప్రతి సీజన్‌కు ముందు వేలితో నొక్కి చూస్తాను. కొత్తగా కొనేవాళ్లు షాపులోనే కిందికి వంగి డ్రెయిన్ స్క్రూ ఎక్కడుందో, దానికి స్క్రూడ్రైవర్ అందుతుందో లేదో చూసుకోండి. కప్పు గ్యాస్కెట్, నీడిల్ వాల్వు పర్లాకిమిడిలో విడిగా దొరుకుతాయా అని బిల్లు కట్టే ముందే అడగండి.