జీన్ థెరపీ: ముందు జనమా, ముందు అనుమతా?

సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు)కు జీన్ థెరపీ, అంటే జన్యువులనే మార్చి చేసే చికిత్స, తేవాలనుకునే కంపెనీ ముందుగా దేని మీద పని మొదలుపెట్టాలి: ప్రభుత్వ అనుమతి మీదా, జనం నమ్మకం మీదా? వరంగల్‌లో ఉండి, ములుగు గూడేలకు తిరిగే మనిషిగా చెబుతున్నాను.

ఖర్చు: అనుమతికి ట్రయల్స్ (మనుషుల మీద మందు పరీక్షలు), ఏళ్ల తరబడి ఫాలో-అప్, కోట్లలో లెక్క. జనానికి ఒక జీపు, కోయ భాష వచ్చిన మనిషి, ఓపిక.

శ్రమ: అక్కడ ఫైళ్లు. ఇక్కడ ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్లాలి. ఓ తల్లి బిడ్డ సికిల్ సెల్ కార్డును పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. "ఈ జబ్బు నా బిడ్డకు పుట్టే పిల్లలకూ వస్తదా సారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఫైళ్లతో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి.

రిస్క్: 1999లో అమెరికాలో ఓ జీన్ థెరపీ ట్రయల్‌లో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ చనిపోయాక ఆ రంగమే ఏళ్లపాటు వెనకబడింది. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా) ప్రాజెక్టు మొదలైంది. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు, 2010లో అది ఆగిపోయింది. అనుమతి ఉన్నా నమ్మకం పోయింది.

ధర: సికిల్ సెల్‌కు వాడే జీన్ థెరపీ క్యాస్‌జెవీ 2023లో అమెరికాలో ఆమోదం పొందినప్పుడు దాని ధర 22 లక్షల డాలర్లు.

మందు ఇంకా ల్యాబ్‌లోనే ఉంటే ముందు అనుమతుల దారి పట్టండి, లేని ఆశ పెట్టొద్దు. ట్రయల్ ఇక్కడి పిల్లల మీదైతే మాత్రం ముందు గూడేనికే రండి.