స్మాల్‌విల్ రెండోసారి: వదలకూడనివి, దాటేయదగ్గవి

పది సీజన్లు, 217 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 42 నిమిషాలు. మొత్తం 150 గంటల పైమాటే. రోజుకొకటి చూస్తే ఏడు నెలలు దాటిపోతుంది. 'స్మాల్‌విల్'ను మొదట్నుంచి మళ్ళీ చూడాలనుకునేవాళ్ళు ఈ లెక్క చూసుకునే దిగాలి. 2001 అక్టోబరులో మొదలై 2011 మే నెలలో ముగిసిన సిరీస్ ఇది. సూపర్‌మ్యాన్ కాకముందు క్లార్క్ కెంట్ అనే పల్లెటూరి కుర్రాడి కథ. సృష్టికర్తలు ఆల్ఫ్రెడ్ గఫ్, మైల్స్ మిల్లర్ ముందే ఒక షరతు పెట్టుకున్నారు: హీరోకు ఆ బిగుతు దుస్తులు వేయం, గాల్లో ఎగరనివ్వం.

మొదటిసారి చూసేటప్పుడు కళ్ళన్నీ క్లార్క్ మీదే ఉంటాయి. ఎప్పుడెగురుతాడా అని ఎదురుచూపు. రెండోసారి ఆ ఆత్రం ఉండదు. అప్పుడు తెలుస్తుంది, మొదటి ఏడు సీజన్లూ నిజానికి, తర్వాత సూపర్‌మ్యాన్‌కు బద్ధశత్రువయ్యే లెక్స్ లూథర్ కథ అని. ఈ సమీక్ష మళ్ళీ చూసేవాళ్ళ కోసం కాబట్టి కథలో మలుపులేవీ దాచడం లేదు.

ముందు చూసే పద్ధతి. తిరుపతి నుంచి చిత్తూరుకు రోజూ బస్సులో పోయొచ్చేవాళ్ళకు ఒక వైపు ప్రయాణంలో రెండు ఎపిసోడ్లు హాయిగా పడతాయి. చంద్రగిరి దాటాక సిగ్నల్‌ను నమ్ముకోకుండా ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. మొదటి మూడు సీజన్లు ఫోన్‌లో బాగానే కనిపిస్తాయి. పగటి వెలుగు, పసుపు పొలాలు, క్లార్క్ ఒంటి మీద ఎరుపూ నీలమూ, లెక్స్ ఒంటి మీద ఊదా. రంగులతోనే సగం కథ చెప్పేస్తారు. ఎనిమిదో సీజన్ నుంచి కథంతా మెట్రోపోలిస్ నగరపు రాత్రుల్లోకి మారుతుంది. కిటికీ పక్కన ఎండలో కూర్చుని అవి చూస్తే స్క్రీన్‌లో మన ముఖమే కనిపిస్తుంది. వాటిని ఇంట్లో లైటు ఆర్పి టీవీలో చూడాలి. సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ముఖ్యంగా లెక్స్ తండ్రి లయనెల్ లూథర్‌గా చేసిన జాన్ గ్లోవర్ గుసగుసగా విసిరే మాటల్లోనే అసలు విషం ఉంటుంది.

మొదటి సీజన్‌ను మాత్రం ఒకే విడతలో నాలుగైదు చూడొద్దు. అందులో 21 ఎపిసోడ్లుంటే ఎక్కువ భాగం ఒకే అచ్చు. ఉల్కల రాళ్ళ ప్రభావంతో ఊళ్ళో ఒకరికి వింత శక్తి వస్తుంది, ఒక ప్రమాదం జరుగుతుంది, క్లార్క్ స్నేహితురాలు క్లోయీ స్కూలు పత్రిక గదిలో పాత వార్తల గోడ తిరగేస్తుంది, క్లార్క్ లెక్స్ బంగళాకు పోతాడు, కొట్లాట, చివర్లో పశువుల కొట్టం అటక మీద తను మనసుపడ్డ లానాతోనో నాయనతోనో నాలుగు మాటలు. వారం వారం టీవీలో చూసినవాళ్ళకు ఇది ఇబ్బంది కాలేదు. వరసబెట్టి చూస్తే మూడోదానికే తర్వాతి సీను మనమే చెప్పేస్తాం. రోజుకొకటి, మహా అయితే రెండు. 'క్రేవింగ్' (1వ సీజన్, 7) కథ పరంగా దాటేయొచ్చుగానీ, అప్పటికి ఇంకా పేరు రాని నటి ఏమీ ఆడమ్స్ అందులో ఉంది. 'హవర్‌గ్లాస్' (6) మాత్రం వదలొద్దు. భవిష్యత్తు చూడగల అంధురాలు లెక్స్ చెయ్యి పట్టుకున్నప్పుడు కనిపించే దృశ్యం, తెల్ల సూటు మీద పడే రక్తపు వాన, మొత్తం సిరీస్‌కు అదే జాతకం.

లెక్స్‌ను వరసగా గమనిస్తే మైకేల్ రోజెన్‌బామ్ ఎంత ఓపికగా ఆ పాత్రను నిర్మించాడో తెలుస్తుంది. మొదట్లో అతను నిజంగానే స్నేహితుడు. తన ప్రాణం కాపాడిన క్లార్క్ మీద కృతజ్ఞత ఉంది, ఎలా కాపాడాడన్న ప్రశ్న కూడా ఉంది. ప్రతి ఎపిసోడ్‌లో ఆ ప్రశ్నకు క్లార్క్ ఒక అబద్ధం చెబుతాడు. మొదటిసారి ఆ అబద్ధాలు మనకు మామూలుగా అనిపిస్తాయి, ఎందుకంటే రహస్యం మనకు తెలుసు. రెండోసారి లెక్స్ ముఖం చూస్తూ వినాలి. అబద్ధమని అతనికి ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది. 'షాటర్డ్', 'అసైలమ్' (3వ సీజన్, 8, 9) ఒకే రాత్రి చూడాల్సిన జంట. లెక్స్‌కు రహస్యం తెలిసిపోతుంది, తండ్రే షాక్ చికిత్సతో ఏడు వారాల జ్ఞాపకాన్ని చెరిపేయిస్తాడు. అదే సీజన్‌లో 'మెమోరియా' (19) చూశాక పసితమ్ముడు జూలియన్ ఎలా చనిపోయాడో బయటపడుతుంది. తల్లి చేసిన పనిని లెక్స్ చిన్నప్పుడే తన నెత్తిన వేసుకున్నాడు. లయనెల్ అన్నేళ్ళూ కొడుకును ఎందుకంత ద్వేషించాడో అప్పుడు అర్థమై, మొదటి సీజన్‌లో తండ్రీకొడుకుల సీన్లన్నీ వేరేలా వినిపిస్తాయి. 'కవెనెంట్' (22)లో లెక్స్ తన మీద పరిశోధనకు పెట్టుకున్న గదిని క్లార్క్ చూస్తాడు. స్నేహం అక్కడితో సరి. మొత్తం పదేళ్ళలో ఈ మూడో సీజనే గట్టిది, నా లెక్కలో.

చిత్తూరు వైపువాళ్ళకు ఇంకో దారి కూడా దొరుకుతుంది ఈ కథలోకి. కాన్సాస్‌లోని స్మాల్‌విల్ మొక్కజొన్న ఊరు. క్లార్క్ స్నేహితుడు పీట్ రాస్ కుటుంబం నడిపిన మొక్కజొన్న ఫ్యాక్టరీని లయనెల్ కొని ఎరువుల ప్లాంటుగా మారుస్తాడు. తోతాపురి కాయల ట్రాక్టర్లతో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు క్యూ కట్టే రైతులున్న ఇళ్ళల్లో, ఫ్యాక్టరీ యజమాని ఊరి మీద ఎంత పట్టు సాధిస్తాడో విడమరచి చెప్పక్కర్లేదు. లెక్స్ కానుకగా పంపిన కొత్త ట్రక్కును క్లార్క్ నాయన జొనాథన్ కెంట్ మొదటి ఎపిసోడ్‌లోనే తిప్పి పంపేయిస్తాడు. మొదటిసారి అది వట్టి మొండితనంలా ఉంటుంది. 'లీనియేజ్' (2వ సీజన్, 7)లో అసలు సంగతి తెలుస్తుంది: క్లార్క్‌ను దత్తత తీసుకున్నట్టు కాగితాలు పుట్టించినందుకు, రాస్ కుటుంబం ఫ్యాక్టరీ అమ్మేలా ఒప్పించింది జొనాథనే. లూథర్ల మీద అతని కోపంలో సగం తన మీద తనకున్నదే. మూడో సీజన్ మొదట్లో పొలం చేజారే పరిస్థితి వస్తుంది కూడా. వ్యవసాయం చేసే ఇంట్లో ఈ భాగాలు ఎవరూ ఫోన్ చూసుకుంటూ చూడరు.

శక్తులు వచ్చే క్రమం గుర్తుపెట్టుకుంటే ఎపిసోడ్లు ఎంచుకోవడం తేలిక. ఎక్స్‌రే చూపు 1వ సీజన్ 4లో, కళ్ళ నుంచి మంట 2వ సీజన్ 2లో, దూరపు శబ్దాలు వినడం 3వ సీజన్ 10లో, ఊపిరితో గాలిదుమారం 6వ సీజన్ 2లో. ఎగరడం? నాలుగో సీజన్ మొదట్లో తనను తాను మరిచి, పుట్టిన గ్రహపు పేరు కాల్-ఎల్‌తో ఉన్నప్పుడు ఒకసారి, తర్వాత ఏకంగా ఆఖరి ఎపిసోడ్‌లోనే. రెండో సీజన్ మంట ఎపిసోడ్ పేరు 'హీట్'. టీచరమ్మను చూసి మనసు చెదిరితే కళ్ళల్లో నిప్పు రాజుకుంటుంది. హాలులో తాతయ్య కూర్చున్నప్పుడు అది పెట్టకండి. ఐదో సీజన్‌లో 'ఎక్స్‌పోజ్డ్' సంగతీ అంతే.

క్రిప్టోనైట్ రాళ్ళ (ఆ ఉల్కల రాళ్ళే) రంగులు కూడా పెరుగుతూ పోతాయి. ఆకుపచ్చది నీరసపరుస్తుంది, ఎర్రది అదుపు తప్పిస్తుంది, నల్లది మనిషిని రెండుగా చీలుస్తుంది, నీలం దగ్గరున్నంతసేపూ శక్తులుండవు, బంగారు రంగుదైతే శాశ్వతంగా తీసేస్తుంది. కొత్త కథ తట్టనప్పుడల్లా కొత్త రంగు తెచ్చారనిపిస్తుంది. ఎర్రరాయి ఎపిసోడ్లు మాత్రం బాగుంటాయి, క్లార్క్‌గా చేసిన టామ్ వెల్లింగ్‌కు నటించే అవకాశం దొరికేది వాటిలోనే.

'రోసెట్టా' (2వ సీజన్, 17) గురించి ఎంత చెప్పినా తక్కువే. 1978 సినిమాలో సూపర్‌మ్యాన్‌గా చేసిన క్రిస్టఫర్ రీవ్, చక్రాల కుర్చీలో డాక్టర్ స్వాన్‌గా కూర్చుని కుర్ర క్లార్క్‌కు అతనెక్కడివాడో చెబుతాడు. పాత సూపర్‌మ్యాన్ కొత్తవాడికి పగ్గాలు అప్పగించినట్టే. మూడో సీజన్‌లో 'లెగసీ'లో మరోసారి కనిపించాడు, ఆ 2004 అక్టోబరులోనే కన్నుమూశాడు.

ఇక విసిగించేవి. తలకు దెబ్బ తగిలితే గతం మర్చిపోవడం మన పాత సినిమాల్లో బోలెడు చూశాం, ఇక్కడ అది వారానికో వైద్యం. రహస్యం కంటపడిన ప్రతివాడూ ఎపిసోడ్ ముగిసేలోపు స్పృహ తప్పాలి, చావాలి, లేదా మర్చిపోవాలి. ఏడాదికి 22 ఎపిసోడ్లు నింపాలి, రహస్యం మాత్రం బయటికి రాకూడదు. ఆ ఇరకాటంలో పుట్టిన చిట్కా ఇది. క్లార్క్, లానా కలవడం విడిపోవడం కూడా ఆ గుంటలోదే. నాలుగో సీజన్ మంత్రగత్తె ఇసబెల్ కథ, మూడు రాళ్ళ వేట మొత్తం దాటేయొచ్చు. తర్వాత క్లార్క్ ప్రేయసి అయ్యే లోయిస్ లేన్‌గా ఎరికా డ్యూరెన్స్ వచ్చే మొదటి ఎపిసోడ్, మెరుపు వేగంతో పరుగెత్తే ఫ్లాష్ కనిపించే 'రన్' (5), రెండో ఉల్కాపాతం ఉన్న ఆఖరిది చూస్తే చాలు.

ఐదో సీజన్ 12వది 'రెకనింగ్', మొత్తంలో నూరోది. క్లార్క్ లానాకు నిజం చెబుతాడు, ఆమె చనిపోతుంది, కాలాన్ని వెనక్కి తిప్పి ఆమెను దక్కించుకుంటాడు, బదులుగా నాయన పోతాడు. తీరికలేనివాళ్ళు ఇక్కడ ఆపేసినా నష్టం లేదు.

ఆ తర్వాత ఆరో సీజన్‌లో విలుకాడు హీరో గ్రీన్ యారోగా జస్టిన్ హార్ట్‌లీ వచ్చాక 'జస్టిస్' (11) ఒక్కటే పండగ. ఏడో సీజన్ రచయితల సమ్మె వల్ల 20 ఎపిసోడ్లకే ఆగింది. అది ముగిశాక గఫ్, మిల్లర్, రోజెన్‌బామ్ ముగ్గురూ వెళ్ళిపోయారు. అందుకే ఎనిమిది నుంచి ఇది ఇంకో సిరీస్‌లా ఉంటుంది. డైలీ ప్లానెట్ పత్రిక ఆఫీసు, క్లార్క్–లోయిస్ సరసం ఈ భాగానికి ప్రాణం. డూమ్స్‌డే అనే రాక్షసుడంటూ ఏడాదంతా ఊరించి, ఆ పోరాటాన్ని రెప్పపాటులో ముగించడం మాత్రం క్షమించరానిది. తొమ్మిదిలో 'యాబ్సొల్యూట్ జస్టిస్' రెండు భాగాలూ చూడండి. పదిలో రెండువందలో ఎపిసోడ్ 'హోమ్‌కమింగ్', ఆ తర్వాత ఫినాలే. ఫినాలే కోసం రోజెన్‌బామ్ తిరిగొచ్చాడు. లెక్స్, క్లార్క్ ఎదురుపడే ఆ ఒక్క సీను చాలు, మధ్య మూడు సీజన్లలో అతను లేని లోటు తెలియడానికి. కానీ కాసేపటికే సవతి చెల్లెలు టెస్ లెక్స్ ముఖానికి విషం పూస్తుంది, లెక్స్‌కు క్లార్క్ రహస్యం సహా గతమంతా చెరిగిపోతుంది. పదేళ్ళ కథకు కూడా రచయితలకు దొరికిన మందు అదొక్కటే.